బెర్గామో ఫ్యునిక్యులర్ ఎక్కాలనుకునేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మిలాన్‌లో ఉంటున్నా. ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మనవాళ్ళు, యూరప్ టూర్ అని వచ్చే చుట్టాలు, చుట్టాల ఫ్రెండ్సు, అందరూ వాట్సాప్‌లో దాదాపు ఇవే అడుగుతారు, ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోతోంది. అందుకని ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా. టైమింగ్స్, రేట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు ఏటీబీ వాళ్ళ యాప్‌లో ఒకసారి చూస్కోండి. ఏటీబీ అంటే మిలాన్ దగ్గరున్న బెర్గామో ఊళ్ళో సిటీ బస్సులు నడిపే సంస్థ, ఫ్యునిక్యులర్లు కూడా వాళ్ళవే.

అసలు ఫ్యునిక్యులర్ అంటే ఏంటి? రోప్‌వే లాంటిదేనా?

కాదు. శ్రీశైలంలో పాతాళగంగకి దిగే రోప్‌వే ఎక్కినవాళ్ళు అదే అనుకుని వస్తారు. రోప్‌వేలో డబ్బా గాల్లో వేలాడుతుంది. ఇది నేల మీద పట్టాలెక్కి పోతుంది, కాకపోతే పట్టాలు కొండవాలు మీద ఏటవాలుగా ఉంటాయి, పెట్టెని పైనుంచి ఇనుప తాడు లాగుతుంది. పెట్టెలో ఇంజన్ ఉండదు, మోటారంతా స్టేషన్‌లోనే. పళనికి వెళ్ళినవాళ్ళు ఉంటే, అక్కడ కొండెక్కించే వించ్ ఉంది కదా, అదీ ఇదీ ఒకే జాతి.

ఇటలీవాళ్ళు ఫునికొలారె అంటారు, లాటిన్‌లో తాడు అనే మాట నుంచి వచ్చింది. మామూలుగా రెండు పెట్టెలు ఒకే తాడుకి చెరో కొసన ఉంటాయి, ఒకటి దిగుతుంటే దాని బరువే రెండోదాన్ని పైకి లాగడానికి సాయం చేస్తుంది, మోటారు మోయాల్సింది తేడా బరువే. మా నాన్నకి ఇది చెప్తే సగంలోనే ఆపేసి "బావి గిలకకి రెండు బొక్కెనలు కట్టినట్టు, అంతే కదరా" అన్నాడు. అంతే.

ఇటలీలో ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్ ఉండగా బెర్గామో ఎందుకు?

వాటికి వెళ్ళొద్దని ఎవరన్నారు, వెళ్ళండి. కానీ మిలాన్‌లో ఒకరోజు ఖాళీ ఉంటే జనం కోమో సరస్సు అని పరిగెత్తుతారు, వేసవిలో అక్కడ కాలు పెట్టే చోటుండదు. బెర్గామో గంట లోపు దూరం. ఊరు రెండంతస్తులు. కింద ఉండేది చిత్తా బాస్సా, అంటే కింది ఊరు, ఆఫీసులు షాపులు రైల్వే స్టేషన్ అన్నీ అక్కడే. కొండమీద ఉండేది చిత్తా ఆల్తా, పై ఊరు, చుట్టూ 6 కిలోమీటర్లకి పైగా కోటగోడ. ఈ రెండిటినీ కలిపేదే మన ఫ్యునిక్యులర్. ఇది టూరిస్టుల కోసం పెట్టిన జాయ్ రైడ్ కాదు, పై ఊళ్ళో కాపురముండేవాళ్ళు కూరగాయల సంచీ పట్టుకుని ఎక్కుతారు, స్కూలు పిల్లలు బ్యాగులతో ఎక్కుతారు, 1887 నుంచి ఇదే వరస. నాకు నచ్చింది కూడా అదే.

మిలాన్ నుంచి ఎలా వెళ్ళాలి?

మిలానో చెంత్రాలె నుంచి ట్రెనార్డ్ లోకల్ రైళ్ళుంటాయి, సుమారు 50 నిమిషాలు. సీటు రిజర్వేషన్లూ గట్రా ఏమీ లేవు. పోర్తా గరిబాల్ది స్టేషన్ నుంచి కూడా ఉన్నాయి, మీరు ఎక్కడ దిగారో దాన్నిబట్టి చూస్కోండి. కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మెషీన్‌లో పెట్టి స్టాంపు కొట్టించుకోవాలి, మర్చిపోతే టీసీ వచ్చినప్పుడు మనం ఎంత అమాయకంగా మొహం పెట్టినా పని జరగదు.

నా ఫ్లైట్ "మిలాన్ బెర్గామో" ఎయిర్‌పోర్ట్‌కే వస్తోంది, అది ఎక్కడ?

మీరు మిలాన్‌లో దిగుతున్నా అనుకుంటున్నారు, నిజానికి దిగేది బెర్గామోలోనే. చవక టికెట్ అని రయనైర్ బుక్ చేసినవాళ్ళలో సగంమందికి ఈ సంగతి దిగాకే తెలుస్తుంది. ఒరియో అల్ సెరియో అనే ఈ ఎయిర్‌పోర్ట్ ఊరికి 5 కిలోమీటర్లే. జనమంతా బయటికొచ్చి మిలాన్ బస్సుల వైపు ఉరుకుతారు, మీరు తీరిగ్గా సిటీ బస్సు లైన్ 1 ఎక్కితే రైల్వే స్టేషన్ మీదుగా పై ఊరి వైపు తీసుకెళ్తుంది. రిటర్న్ ఫ్లైట్ సాయంత్రం ఉందా, పొద్దున్నే వచ్చేసి సామాను ఎక్కడైనా లగేజీ డిపాజిట్‌లో పెట్టి పైకెళ్ళి రండి. పెద్ద సూట్‌కేసు మాత్రం పై ఊళ్ళోకి తేవద్దు. ఆ గులకరాళ్ళ వీధుల్లో చక్రాలు ఊడి చేతికొస్తాయి.

కింద స్టేషన్ ఎక్కడుంది?

వియాలె విత్తోరియో ఎమాన్యుయెలె అనే రోడ్డు మీద. రైల్వే స్టేషన్ నుంచి బయటికొస్తే ఎదురుగా ఒకే రోడ్డు తిన్నగా కొండ వైపు పోతుంది, పైన కోటగోడ, గోపురాలు కనపడుతూనే ఉంటాయి, దారి తప్పే ప్రసక్తే లేదు. నడిస్తే ఇరవై ఇరవై ఐదు నిమిషాలు. ఓపిక లేకపోతే అదే లైన్ 1 బస్సు. నేనైతే వెళ్ళేటప్పుడు నడుస్తాను, ఎందుకంటే కొండ మెల్లగా దగ్గరికొస్తూ ఉంటే బావుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బస్సే.

టికెట్ ఎంత? ఎక్కడ కొనాలి?

విడిగా ఫ్యునిక్యులర్ టికెట్ అంటూ ఉండదు, మామూలు సిటీ బస్సు టికెట్టే దీనికీ పనిచేస్తుంది. రెండు యూరోల అటూఇటూ అనుకోండి. టికెట్ మీద రాసిన టైము లోపల బస్సు, ఫ్యునిక్యులర్ మారి మారి ఎక్కొచ్చు, అంటే రైల్వే స్టేషన్ దగ్గర బస్సెక్కి, దిగి, ఫ్యునిక్యులర్ ఎక్కడానికి ఒకటే టికెట్. రోజంతా తిరిగేలా ఉంటే 24 గంటల టికెట్ తీసుకోండి, ఎన్నిసార్లు ఎక్కినా దిగినా అడిగేవాడుండడు, రెండో ఫ్యునిక్యులర్‌కి (పైన ఇంకోటి ఉంది, తర్వాత చెప్తా) కూడా అదే. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే మాత్రం జోన్ వేరు, ఆ టికెట్ రేటు ఎక్కువ, కొనేటప్పుడు ఎయిర్‌పోర్ట్ అని చెప్పండి.

స్టేషన్‌లో మెషీన్ ఉంటుంది, లేదా తబాకీ అని "టి" అక్షరం బోర్డున్న బడ్డీకొట్లలో, లేదా యాప్‌లో. ఆదివారం మెషీన్ దగ్గర క్యూ ఉంటుంది కాబట్టి ముందే కొనిపెట్టుకోండి.

రైడ్ ఎంతసేపు? ఏం కనపడుతుంది?

నిజం చెప్పనా, రైడ్ రెండు మూడు నిమిషాలే. ఎక్కామా దిగామా అన్నట్టుంటుంది. పట్టాల పొడవే పావు కిలోమీటరు లోపు, ఎక్కే ఎత్తు సుమారు 85 మీటర్లు, ఏటవాలు ఎక్కువగా ఉన్నచోట వంద అడుగులు ముందుకెళ్తే యాభై అడుగులు పైకెక్కినట్టు లెక్క. ఫోన్ తీసి, కెమెరా తెరిచి, సెల్ఫీలకి నవ్వు సరిచేసుకునే లోపు అయిపోతుంది, అందుకే ఫోన్ జేబులో పెట్టమంటా.

ఏం చూడాలంటే, మొదట కింద చూడండి. రెండు జతల పట్టాలు పక్కపక్కనే ఉంటాయి, పట్టాల నడుమ చిన్న చిన్న కప్పీలు, గ్రీజు పట్టిన నల్లటి తాడు వాటి మీద జారుతూ పోతుంటుంది. పెట్టె కదలకముందే తాడు బిగుసుకుని ఒక చిన్న కుదుపు ఇస్తుంది, అది కాళ్ళకి తెలుస్తుంది. ఆ తర్వాత చప్పుడు తక్కువే. ఇళ్ళ వెనకభాగాలు, ఎవరిదో పెరట్లో ఆరేసిన దుప్పట్లు, గోడ మీంచి వేలాడే తీగలు చేతికందేంత దగ్గర్లో దిగిపోతుంటాయి. అంతలో కోటగోడ మీదికొస్తుంది, బండి పైనుంచి కాకుండా గోడ కిందుగా దూరిపోతుంది, రెండు సెకన్లు చల్లగా చీకటి, బయటపడేసరికి కింది ఊరంతా వెనకాల పరుచుకుని ఉంటుంది. 1500ల కాలపు గోడకి 1800ల్లో రైలు దారి పెట్టారు. ఆ గోడ కింద మా అమ్మ అలవాటు ప్రకారం నా చెయ్యి పట్టుకుంది, నాకు ముప్పై దాటాయి.

ఏ వైపు నిలబడాలి?

ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు. అంటే రెండుసార్లూ లోయ వైపు అద్దం దగ్గర. పెట్టె చిన్నది, యాభైమంది ఎక్కితే కిటకిటలాడుతుంది, కాబట్టి మంచి చోటు దొరకాలంటే ఒక బండి వదిలేసి తర్వాతి దానికి క్యూలో ముందుండటమే మార్గం. కొద్ది నిమిషాలకో బండి ఉంటుంది, తొందరేం లేదు.

తాడు తెగితే? ఈమధ్య న్యూస్‌లో చూశాం, భయంగా ఉంది.

ఈ ప్రశ్న ఈమధ్య ఎక్కువైంది. 2025 సెప్టెంబర్‌లో లిస్బన్‌లో గ్లోరియా ఫ్యునిక్యులర్ తాడు ఊడిపోయి పెట్టె వాలులో దూసుకెళ్ళి 16 మంది చనిపోయారు, అది నిజం. 2021లో ఇటలీలోనే మొత్తరోనె కొండ దగ్గర 14 మంది పోయారు, అది రోప్‌వే, అక్కడ ఎమర్జెన్సీ బ్రేకు పనిచెయ్యకుండా క్లాంపు పెట్టి ఉంచారని దర్యాప్తులో తేలింది. కాబట్టి "ఏం కాదులే" అని గాలిమాట చెప్పను.

పని చేసే పద్ధతి ఇది: ఇప్పటి ఫ్యునిక్యులర్లలో తాడు పట్టు తప్పినా, వేగం ఎక్కువైనా పెట్టె కిందుండే బ్రేకులు పట్టాన్నే కరిచి పట్టుకునేలా ఉంటాయి, తాడుతో సంబంధం లేకుండా. తాడుకి, బ్రేకులకి వాటి వాటి గడువు ప్రకారం చెకింగులుంటాయి, అందుకే అప్పుడప్పుడూ కొన్ని రోజులో కొన్ని వారాలో మూసేసి ఆ టైములో బస్సులు వేస్తారు. మనం వెళ్ళినరోజే మూసుంటే తిట్టుకుంటాం, కానీ ఆలోచిస్తే మూసిన బండే నమ్మకమైన బండి. నేను పాతికసార్లకి పైనే ఎక్కి ఉంటా. ఎత్తులంటే భయమున్నవాళ్ళకి కూడా ఇది రోప్‌వే అంత కష్టమనిపించదు, కింద నేల కనపడుతూనే ఉంటుంది కదా.

పైన దిగాక అక్కడే వ్యూ అయిపోయిందా?

ఇక్కడే జనం పొరపాటు చేస్తారు, ఈ పేజీ రాయడానికి అసలు కారణం కూడా ఇదే. బెర్గామోలో ఫ్యునిక్యులర్లు రెండు. మొదటిది మిమ్మల్ని పై ఊళ్ళో దింపుతుంది, చెప్పుల సంత అని పేరున్న చిన్న కూడలిలో, మెర్కాతో దెల్లె స్కార్పె. అందరూ అక్కడ దిగి, స్క్వేర్ చూసి, ఐస్‌క్రీం తిని, దిగిపోతారు. ఊళ్ళో నిలబడితే ఊరు కనపడదండీ. గోపురాలు ఎంత ఎత్తున్నా సందుల్లోంచి తలెత్తి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమొస్తుంది.

రెండోది సాన్ విజీలియో ఫ్యునిక్యులర్. పై ఊరికి ఇంకో కొసన, పోర్తా సాంత్ అలెస్సాంద్రో అనే కోటద్వారం దాటగానే దాని స్టేషన్. 1912లో పెట్టారు, 1976లో మూసేశారు, 1991లో మళ్ళీ తెరిచారు. మొదటిదానంత నిటారుగా ఉండదు, తోటల మధ్యలోంచి, పాత బంగళాల కాంపౌండ్ గోడల పక్కనుంచి నింపాదిగా ఎక్కుతుంది. పైన దిగి ఇంకాస్త నడిస్తే సాన్ విజీలియో కోట, పాత బురుజులు, మధ్యలో గడ్డి, బెంచీలు. సుమారు 500 మీటర్ల ఎత్తు.

అక్కడ నుంచి చూడండి. ఇందాక మీరు నడిచిన ఊరు మొత్తం కాళ్ళ కింద, ఎర్రపెంకుల కప్పులు, వాటి మధ్యలోంచి లేచిన గోపురాలు, చుట్టూ మొలతాడు కట్టినట్టు కోటగోడ, దానవతల కింది ఊరు, అక్కడ్నుంచి మైదానమే మైదానం. గాలి శుభ్రంగా ఉన్నరోజు మిలాన్‌లో ఎత్తు బిల్డింగులు కూడా గీతల్లా కనపడతాయి. వెనక్కి తిరిగితే ఒరోబియె కొండలు, చలికాలమైతే మంచుతో. ఒకే చోట నిలబడి ఇటు చదును, అటు ఆల్ప్స్.

మా నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని గంటసేపు లేవలేదు. ఫోటోలు కూడా వద్దన్నాడు. చివరికి అడిగిందల్లా "ఆ గోడ కట్టడానికి రాయి ఎక్కడ్నుంచి తెచ్చారంటావ్" అని. ఆయన సివిల్ పనులు చేయించినవాడు, ఆయన ధ్యాస అంతా అదే.

ఆ గోడ సంగతేంటి?

వెనిస్‌వాళ్ళు కట్టించారు. బెర్గామో 1428 నుంచి 1797 దాకా వెనిస్ రాజ్యంలో ఉండేది, వాళ్ళ రాజ్యానికి పడమటి అంచు ఇదే, గోడ కట్టేనాటికి అవతల మిలాన్ స్పెయిన్‌వాళ్ళ చేతుల్లో ఉంది. ఫిరంగులొచ్చాక పాత సన్నటి గోడలు ఆగవని 1561లో మొదలుపెట్టి 1588 దాకా ఈ లావుపాటి గోడ కట్టారు, ఆ దారిలో ఉన్న ఇళ్ళు, గుళ్ళు కూల్చేసి మరీ. పాత కతెద్రల్, అంటే ఊరి ప్రధాన చర్చి, కూడా ఒకటి పోయింది అందులో. అంత చేసి చూస్తే ఆ గోడని ఏ సైన్యమూ ముట్టడించలేదు! ఇప్పుడు దాని మీద జాగింగ్ చేస్తారు, సాయంత్రం జంటలు కూర్చుంటాయి. 2017లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. కోటద్వారాలు నాలుగు, వాటిలో తెలుపు గులాబీ రాయితో ఉన్న సాన్ జాకొమో ద్వారమే అందం.

ఏ టైములో, ఏ నెలలో వెళ్తే బెస్ట్?

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్. వాన పడి వెలిసిన మర్నాడు దొరికితే అదృష్టం, గాలి కడిగినట్టుంటుంది. వేసవి మధ్యాహ్నం మైదానం మీద తెల్లటి ఆవిరి లాంటిది కమ్ముకుని ఏదీ స్పష్టంగా కనపడదు.

నవంబర్ నుంచి జనవరి దాకా పొగమంచుతో జాగ్రత్త. ఈ పో నది మైదానం పొగమంచుకి పెట్టింది పేరు. నేను మొదటిసారి వెళ్ళింది డిసెంబర్‌లో, ఇద్దరు ఫ్రెండ్స్‌ని బలవంతంగా లాక్కెళ్ళా, వ్యూ అదీ ఇదీ అని ఊదరగొట్టి. రెండు ఫ్యునిక్యులర్లూ ఎక్కి కోట మీదికెళ్తే పాలడబ్బాలో తల పెట్టినట్టు అంతా తెలుపు, పక్కన నిలబడ్డవాడి జాకెట్ రంగు కూడా సరిగ్గా తెలీట్లేదు. వాళ్ళు ఇప్పటికీ నేనేదైనా చోటుకి పిలిస్తే "వ్యూ ఉంటుందా?" అని అడుగుతారు. అప్పట్నుంచి బయల్దేరే ముందు బెర్గామో వెబ్‌క్యామ్ ఒకటి ఓపెన్ చేసి చూస్తున్నా. అయితే ఒక్కోసారి పొగమంచు కిందే ఆగిపోయి పై ఊరు దానిమీద తేలుతున్నట్టుంటుంది, అది దొరికితే మాత్రం పండగే.

టైము అంటే, పొద్దున పది లోపు లేదా సూర్యాస్తమయానికి గంటన్నర ముందు. ఆదివారం మధ్యాహ్నం వద్దు. మిలాన్, బెర్గామో ఉన్న లొంబార్దీ ప్రాంతం మొత్తం అక్కడే ఉంటుంది, కింద స్టేషన్ క్యూ రోడ్డు మీదికొస్తుంది.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా? మోకాళ్ళ నొప్పులున్నాయి. చంటిపిల్ల స్ట్రోలర్?

తీసుకెళ్ళొచ్చు, కానీ కష్టం బండిలో కాదు, దిగాకే. పై ఊరు మొత్తం రాళ్ళు పరిచిన వీధులు, కొంచెం ఎక్కుడే. పై స్టేషన్ నుంచి వియా గొంబితో వీధిలో పియాజ్జా వెక్కియాకి, అంటే పై ఊరి పాత కూడలికి, ఐదు నిమిషాలు, మా నాన్నకి పదిహేను పట్టింది, మధ్యలో బేకరీ అద్దాల ముందు ఆగుతూ. అక్కడ్నుంచి రెండో ఫ్యునిక్యులర్‌కి ఇంకో పదిహేను.

నా సలహా: మోకాళ్ళు బాలేనివాళ్ళు వెళ్ళేటప్పుడు లైన్ 1 బస్సులో తిన్నగా కొల్లె అపెర్తో దాకా పోండి, అక్కడ దిగితే సాన్ విజీలియో స్టేషన్ పక్కనే. ముందు పైదాకా వెళ్ళి వ్యూ చూసేసి, తర్వాత ఊళ్ళోంచి నడుచుకుంటూ కిందికొచ్చి, చివర్లో మొదటి ఫ్యునిక్యులర్‌లో దిగండి. ఇలా అయితే నడకంతా దిగుడే. అందరూ చేసే రూటుకి ఇది రివర్స్, రష్ కూడా తక్కువ తగులుతుంది. స్ట్రోలర్ అయితే మడిచేది తెండి, బేబీ క్యారియర్ ఉంటే అదే మేలు. వీల్‌చైర్ ఉంటే ముందురోజే ఫోన్ చేసి లిఫ్టులు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి.

నడిచి ఎక్కలేమా?

ఎందుకు ఎక్కలేం. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకి ఇదో లెక్కా. కింది ఊరి నుంచి రాతిమెట్ల సందులు చాలా ఉన్నాయి, స్కలెత్తె అంటారు, గోడల మధ్య ఇరుగ్గా, పైన తీగలు. ఇరవై నిమిషాల్లో సాన్ జాకొమో ద్వారం దగ్గర తేలతారు. ఎక్కడం ఫ్యునిక్యులర్‌లో, దిగడం మెట్ల మీద అనుకుంటే రెండూ అయినట్టు. వానలో వద్దు, రాళ్ళు నున్నగా అరిగి ఉంటాయి.

పై ఊళ్ళో తప్పకుండా చూడాల్సినవి?

పియాజ్జా వెక్కియా. దాని వెనకే సాంతా మరియా మజ్జొరె చర్చి, లోపల గోడలకి వేలాడే అల్లిక తెరలు, ఒపేరా కంపోజర్ దొనిజెత్తి సమాధి. ఆయన 1797లో ఈ ఊళ్ళోనే, రెండో ఫ్యునిక్యులర్ స్టేషన్‌కి కాస్త దూరంలో బోర్గో కనాలె వీధిలో పేద ఇంట్లో పుట్టాడు, 1848లో ఇక్కడే పోయాడు. చర్చి పక్కనే కొల్లెయొని చాపెల్, రంగురంగుల పాలరాయి, ముందుభాగం చూస్తే పెళ్ళిపందిరి అలంకారంలా ఉంటుంది. కొల్లెయొని అనేవాడు వెనిస్ సేనాపతి, తన సమాధి కోసం 1470ల్లో కట్టించుకున్నాడు. బయట ఇనుప గేటు మీద వాళ్ళ వంశం గుర్తు ఉంటుంది, జనం అదృష్టమని రుద్ది రుద్ది తళతళ మెరిసేలా చేశారు. ఆ గుర్తులో మూడు ఉన్నవి ఏంటో పెద్దవాళ్ళు పక్కనుండగా నన్ను అడక్కండి.

తిండి? వెజ్ దొరుకుతుందా?

దొరుకుతుంది. ఇక్కడి ప్రధానమైన తిండి పొలెంతా, మొక్కజొన్న పిండి ఉడికించి కెలికింది. కడప వైపు నుంచి వచ్చిన మా అమ్మ ఒక ముద్ద తిని "సంకటే కదరా, దీనికి పన్నెండు యూరోలా" అంది. పొలెంతా తరాన్య అని ఛీజ్, వెన్న కలిపింది అడగండి, వెజ్ వాళ్ళకి బెస్ట్. కజొన్చెల్లి అని చంద్రవంక ఆకారపు పాస్తా ఇక్కడి స్పెషల్, కానీ లోపల మాంసం, పైన కూడా పంది మాంసం ముక్కలు, వెజ్ వాళ్ళు వదిలేయండి.

స్వీటుషాపుల అద్దాల్లో పసుపురంగు గుండ్రటి కేకు మీద చిన్న చిన్న పిట్టలు కనపడతాయి, పొలెంతా ఎ ఒసెయ్. భయపడకండి, పిట్టలు చక్కెర, బాదం, చాక్లెట్ తోటే. నా మటుకు అది చూడ్డానికే బాగుంటుంది, తింటే పంచదార ముద్ద. ఐస్‌క్రీం మాత్రం వదలొద్దు, స్త్రాచ్చతెల్లా ఫ్లేవర్ (పాల ఐస్‌క్రీంలో చాక్లెట్ తునకలు) పుట్టింది ఇక్కడే, 1961లో, కొల్లె అపెర్తో దగ్గర లా మరియాన్నా అనే షాపులో. సాన్ విజీలియో నుంచి దిగి వస్తూ తింటే సరిగ్గా దారిలోనే.

కరోనా టైములో టీవీలో చూసిన బెర్గామో ఇదేనా?

ఇదే. 2020 మార్చిలో మిలిటరీ లారీల్లో శవపేటికలు తీసుకెళ్ళిన ఊరు. ఇక్కడివాళ్ళు దాని గురించి మాట్లాడతారు, కానీ వాళ్ళంతట వాళ్ళు మొదలుపెడితేనే. మనం లారీల కథ అడక్కుండా ఉంటే మర్యాద. 2023లో పక్కనున్న బ్రెషాతో కలిపి ఈ ఊరిని ఇటలీ సాంస్కృతిక రాజధానిగా పెట్టారు.

ఇటలీలో ఇలాంటివి ఇంకేమున్నాయి?

కోమో నుంచి బ్రునాతెకి 1894 నాటిది, సరస్సు వ్యూ అద్భుతం, క్యూ కూడా అంతే అద్భుతం. ఓర్వియెతోలో రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉంది, మొదట్లో 1888లో నీళ్ళ బరువుతో నడిచేదట, పై పెట్టెలో నీళ్ళు నింపితే అది దిగుతూ కింది పెట్టెని లాగేది, ఇప్పుడు కరెంటే. నేపుల్స్‌లో నాలుగున్నాయి, కానీ ఎక్కువ భాగం సొరంగాల్లోనే పోతాయి, వ్యూ కోసం ఎక్కితే గోడలు చూసి దిగుతారు, పైన దిగి సాన్ మార్తీనో మఠం దాకా నడిస్తేనే సముద్రం, వెసూవియస్ అగ్నిపర్వతం కనపడేది. వెరోనాలో సాన్ పియెత్రో కొండకి 2017లో మళ్ళీ తెరిచారు, చిన్నదే అయినా నది వంపు బాగా కనపడుతుంది.

రాత్రి ఉండొచ్చా? ఆఖరి బండి ఎప్పుడు?

మొదటి ఫ్యునిక్యులర్ మామూలు రోజుల్లో అర్ధరాత్రి దగ్గరిదాకా నడుస్తుంది, సాన్ విజీలియోది పొద్దున లేటుగా మొదలవుతుంది, రాత్రి టైములు సీజన్‌ని బట్టి మారతాయి, స్టేషన్ గోడ మీద కాగితం ఉంటుంది, ఎక్కేముందే ఫోటో తీసుకోండి. మిస్సయితే కంగారొద్దు, పై కోట నుంచి ఊరికి పావుగంట దిగుడే.

రాత్రి పదింటికి పియాజ్జా వెక్కియాలో ఉండేలా చూస్కోండి. కంపనోనె అని పెద్ద గంట స్తంభం, 50 మీటర్లు దాటి ఉంటుంది, ప్రతి రాత్రి పదింటికి వంద గంటలు కొడుతుంది. పూర్వం కోటద్వారాలు మూసేస్తున్నారని చెప్పడానికి కొట్టేవాళ్ళు, ద్వారాలు మూయడం మానేసి ఎన్నో ఏళ్ళయినా గంటలు మాత్రం ఆపలేదు. మేము నిలబడి లెక్కపెట్టాం, నాన్నకి తొంభైఏడు వచ్చాయి, నాకు నూటరెండు, ఎవరిది కరెక్టో తేల్చుకుంటూ ఫ్యునిక్యులర్ దిగి, నింపాదిగా నడిచి స్టేషన్‌కి వెళ్ళేసరికి మిలాన్ ట్రైన్ కళ్ళముందే కదిలింది. తర్వాతి దాని కోసం ప్లాట్‌ఫాం మీద చలిలో కూర్చున్నాం, అమ్మ బ్యాగులోంచి పొద్దున మిగిలిన పులిహోర డబ్బా తీసింది. కాబట్టి గంటలు వినేవాళ్ళు తిరుగు ట్రైన్ టైములు ముందే చూసిపెట్టుకోండి, లేదా పులిహోర తెచ్చుకోండి.